ఫొటో పడితే పండగే

దివ్యాంగుల హోమ్‌లో యాక్టివిటీ ఇన్‌ఛార్జిగా కుదిరారా? అదృష్టవంతులు. పైకి బండెడు చాకిరీలా కనిపిస్తుంది గానీ, కిటుకు తెలిస్తే కుర్చీ దిగక్కర్లేని ఉద్యోగం. బైపాస్ పక్కన ముప్ఫై ఎనిమిది మంది ఉన్న హోమ్‌లో పదకొండేళ్లు చేశాను. నడుం నొప్పంటే ఎరగను. ఆ గుట్టే మీకు విప్పుతున్నాను. తు.చ. తప్పకుండా పాటించండి.

1. అందరినీ ‘పిల్లలు’ అనండి.

మా హోమ్‌లో అందరికన్నా చిన్నవాడికి 22, పెద్దాయనకి 61. అయినా సరే, ఫోన్ ఎత్తగానే ‘మా పిల్లలకి బియ్యం నిండుకున్నాయండీ’ అనాలి. ‘అరవై ఒక్కేళ్ల పెద్దమనిషికి బియ్యం కావాలి’ అని చూడండి, అవతలి గొంతులో తడి అక్కడికక్కడే ఆరిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. పిల్లలు లెక్కలడగరు. గదిలో పక్కమంచం ఎవరిదో, ఒంటి మీద ఏ చొక్కా ఉండాలో, రాత్రి ఎనిమిదింటికే లైటు తీసేయాలో వద్దో వాళ్లని అడగక్కర్లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం గౌరవమనీ, సొంత నిర్ణయమనీ ఏవేవో రాసింది. పుస్తకం కొని ఉంచండి. మా స్టోర్‌రూమ్ బీరువాకి ఒక కాలు పొట్టి. సరిగ్గా ఆ మందమే సరిపోయింది.

ఏ మాట ఎక్కడ వాడాలో గుర్తుంచుకోండి. వేదిక మీద ‘దివ్యాంగులు’, దాతల ముందు ‘పిల్లలు’, రిజిస్టర్‌లో ‘ఇన్‌మేట్స్’, మనలో మనకి ‘వీళ్లు’. పేర్లతో పనే పడదు. మా దగ్గర నలభై ఏడేళ్లవాడొకడు ఉండేవాడు, ఎప్పుడు చూసినా అదే గళ్ల చొక్కా. పదకొండేళ్లూ ‘ఒరేయ్ గళ్ల చొక్కా’తోనే లాగించేశాను.

2. టైమ్‌టేబుల్ గోడ మీద ఉండాలి. గోడ దిగకూడదు.

చార్టు కొనండి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు కొనండి. ఉన్న శ్రద్ధంతా ఇక్కడే ఖర్చు పెట్టండి, మళ్లీ అవసరం రాదు. టీవీ గట్టిగా పెడితే ‘సంగీత చికిత్స’. వేపచెట్టు కింద కూర్చోబెడితే ‘తోటపని’. మీ బండి తుడిపిస్తే ‘వృత్తి శిక్షణ’. మీరు తిన్న కంచం కడిగిస్తే ‘స్వావలంబన’. అన్నం తిన్నాక అందరూ గోడకి జారగిలబడి కూర్చుంటారే, దానికి ‘ధ్యానం’ అని రాశాను. చూడ్డానికొచ్చిన ఒక మేడమ్ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

3. ఒక్క డాన్సు నేర్పండి. జీవితాంతం అదే.

జనవరి 26కి జెండాతో, ఆగస్టు 15కి జెండాతో, డిసెంబరు 3న పువ్వుతో, ఛైర్మన్‌గారి పుట్టినరోజుకి ఆయన ఫొటోతో. స్టెప్పులు మారవు, చేతిలో వస్తువు మారుతుంది. డిసెంబరు 3ని దివ్యాంగుల దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 1992లో ప్రకటించింది. మనవాళ్లు వేస్తున్న స్టెప్పులు చూస్తే అంతకన్నా పాతవని అనుమానం వస్తుంది.

ఆ రోజు షామియానా నీడ అతిథులకి, ఎండ మనవాళ్లకి. సన్మానాలు ముందు పెట్టండి. పదిహేడు శాలువాలు పడేసరికి ఒంటిగంట అవుతుంది. నృత్య ప్రదర్శన ‘సమయాభావం వల్ల’ రెండు నిమిషాలకి కుదించండి. స్టేజీకి ర్యాంప్ కట్టించమని ఎవడో ఒకడు అంటాడు. వినకండి. ర్యాంప్ ఉంటే చక్రాల కుర్చీ తనంతట తానే ఎక్కిపోతుంది, అందులో వార్త ఏముంది? నలుగురు కలిసి మనిషిని కుర్చీతో సహా గాల్లోకి ఎత్తితేనే ఫొటో. పైన కూర్చున్నవాడు భయపడి కేకలు వేస్తే ‘ఆనందోత్సాహాలు’ అని రాయించండి. పంచిన చక్రాల కుర్చీలు సాయంత్రానికల్లా ప్లాస్టిక్ కవరు తొడిగి లోపల పెట్టేయండి. వచ్చే ఏడు మళ్లీ పంచాలి కదా.

4. దీపావళి ప్రమిదల మీద రంగు వాళ్లతో వేయించకండి.

ఇది కాస్త వివరంగా చెప్పాలి, మన ఆదాయమంతా ఇక్కడే ఉంది. కుమ్మరి దగ్గర ఐదొందల ప్రమిదలు తెండి. మనవాళ్లని బల్ల ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేతిలో కుంచె పెట్టి ఫొటో తీయండి. కుంచె తడిసి ఉండాలన్న నియమం లేదు. ఫొటో అయిపోగానే కుంచెలు లాక్కుని, వార్డెన్ గారి అమ్మాయికీ ఆమె స్నేహితురాళ్లకీ ఇచ్చేయండి. సాయంత్రానికి అద్దాలు, కుందన్లు, ముత్యాలతో సహా పని పూర్తి. అట్టపెట్టె మీద ‘మా పిల్లల చేతి కళ’ అని చీటీ అంటించండి.

నేనొక ఏడాది మెతకబడి గళ్ల చొక్కావాడి చేతిలో కుంచె ఉండనిచ్చాను. తప్పు చేశాను. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టినవాడు టీ వేళకి ఒక్క ప్రమిద పూర్తిచేశాడు. లోపలా బయటా అడుగునా అంతా నీలం. అడుగున రంగెందుకురా, కనపడదు కదా అంటే, నాకేసి చూసి మళ్లీ అడుగుకే రెండో పూత వేశాడు. అంచు మీద మాత్రం ఒక పసుపు చుక్క, అదీ వంకర. అలాంటి సరుకు అమ్ముడుపోదు. తిరగగొట్టిన పెట్టెలో పడేయండి.

కంపెనీల లాబీల్లో స్టాల్ పెడితే ఉద్యోగులు బేరమాడరు. నాలుగు ప్రమిదల ప్యాకెట్ రెండొందలన్నా ‘పాపం’ అంటూ కొనుక్కెళతారు. వచ్చిన డబ్బులో తయారుచేసినవాళ్లకి వాటా ఎంత అని ఎవరైనా ఆరా తీస్తే, తడుముకోకుండా ‘అంతా వాళ్లదేనండీ’ అనండి. తలా ఒక బిస్కెట్ ప్యాకెట్ పంచండి. చిన్న ప్యాకెట్.

5. ఒకే మధ్యాహ్నం మూడు భోజనాలు అమ్మండి.

పెళ్లిరోజులు, పుట్టినరోజులు, పెద్దల సంవత్సరీకాలు, అన్నీ మన క్యాలెండర్‌లో ఉండాలి. ఆగస్టు 15 లాంటి రోజున పన్నెండింటికి ఒకరిని, పన్నెండున్నరకి ఇంకొకరిని, ఒంటిగంటకి మరొకరిని రమ్మనండి. అన్నం అదే, బంతి అదే. మారేది ఫ్లెక్సీ ఒక్కటే. దానికి తాడు బదులు కొక్కెం పెట్టించండి, అర నిమిషంలో మారుతుంది. మొదటి బ్యాచ్ ముందు ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపడం నేర్పాలి. రెండు వారాల శిక్షణ. నేను నిజంగా నేర్పింది ఇదొక్కటే.

దాత ఆలస్యమైతే అన్నం పెట్టకండి. పన్నెండున్నరకి వస్తామన్నవాళ్లు రెండుంబావుకి దిగుతారు. కడుపు నిండినవాడి ముఖంలో కృతజ్ఞత ఎక్కడినుంచి వస్తుంది? షుగర్ ఉన్నవాళ్ల ఆకులోనూ లడ్డూ వేయించండి. ఆరేళ్ల బర్త్‌డే బాబు తన చేత్తో అరవై ఒక్కేళ్లాయన నోట్లో కేకు పెడుతుంటే వద్దనడం మర్యాద కాదు. మాత్ర రాత్రికి ఒకటి ఎక్కువ వేస్తే సరి, నర్సు లేనప్పుడు.

మనవాళ్ల పుట్టినరోజుల సంగతంటారా? చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అనే ఉంటుంది. ఒక్క కేకుతో సరి. ఈ దేశంలో ఇంత సౌకర్యం ఇంకెక్కడా చూడలేదు.

6. ఏదీ బాగుచేయించకండి.

పాడైన బోరు మనకి పాడి గేదె. మా హోమ్ బోరుకి నలుగురు దాతలు డబ్బిచ్చారు, నాలుగు శిలాఫలకాలున్నాయి, నీళ్లు మాత్రం ట్యాంకర్‌వే. ఫ్యానుకి మూడు రెక్కలుంటాయి కాబట్టి ముగ్గురి పేర్లు రాయించవచ్చు. స్విచ్ వేస్తే పేర్లు కనపడవు, దాతలు నొచ్చుకుంటారు. అందుకని వేయకండి.

బట్టలకి రెండు బీరువాలు పెట్టుకోండి. విరాళం ఇంకా ఇవ్వనివాళ్లు వస్తే చిరుగులవి, ఇచ్చినవాళ్లు వస్తే కొత్తవి. ఒకసారి తాళాలు తారుమారై, ఇవ్వబోయేవాళ్ల ముందు అందరూ ఇస్త్రీ చొక్కాలతో నిలబడ్డారు. ఆ నెల జీతం పదిహేనో తారీఖుకి గానీ పడలేదు.

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. మార్చి వచ్చేసరికి ఆ కంగారు వాళ్ల ముఖాల్లో తెలుస్తుంది. టీషర్టులు వేసుకుని ముప్ఫై మంది బస్సు దిగుతారు, ఏదైనా పని చెప్పమంటారు. గోడ చూపించండి. మా ఉత్తరం గోడకి ఒక్క మార్చిలో నాలుగు కంపెనీలు నాలుగు రంగులు వేశాయి. ఆ గోడ మందం ఎంత పెరిగిందంటే కిటికీ తలుపు పట్టడం మానేసింది.

7. రసీదు పుస్తకం చేతివాటం.

నగదు విరాళం 2,000 దాటితే పన్ను మినహాయింపు రాదు. పదివేలు ఇస్తానన్నాయన్ని పోగొట్టుకోకండి. ఆయన పేర, భార్య పేర, అత్తగారి పేర, ఇద్దరు పిల్లల పేర తలా రెండు వేలు రాసేయండి. చిన్నపిల్లకి పాన్ కార్డు లేదంటే, పెద్దయ్యాక వస్తుందనండి. ఏటా మే 31లోగా దాతల వివరాలు పన్ను శాఖకి పంపాలి. కాబట్టి మే ఇరవై ఐదుకల్లా కంప్యూటర్ పాడవ్వాలి.

8. మీకు పైసా రాని కాగితాల జోలికి పోకండి.

నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా అని ఒకటుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకి లక్ష రూపాయల దాకా వైద్యం. ఏటా రెన్యూవల్ చేయించాలి. ఎవరికి లాభం? వాళ్లకి. అయితే మర్చిపోండి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచీ ఉన్న జాతీయ సంస్థకి సిబ్బందిని శిక్షణకి పంపమంటే, రైల్లో రిజర్వేషన్ దొరకలేదనండి. పదకొండేళ్లు దొరకలేదు నాకు.

9. పింఛను డబ్బు, టీ నీళ్లు.

ఆంధ్రలో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 6,000, తెలంగాణలో 4,016. మా వైపు ఒకటో తారీఖున సచివాలయం వాళ్లొచ్చి చేతికిస్తారు. వేలిముద్ర వాళ్లది, చెయ్యి మీది. ‘నిర్వహణ’ అన్న పద్దు కింద అన్నీ ఇముడుతాయి.

చిక్కల్లా గళ్ల చొక్కా లాంటివాళ్లతోనే. వాడికి డాన్సొద్దు, కేకొద్దు. రోజూ నాలుగింటికి గేటు దగ్గర నిలబడి ‘పది రూపాయలివ్వండి సార్, ఎదురుగా టీ తాగొస్తా’ అనేవాడు. రోడ్డు కూడా కాదు, సర్వీసు రోడ్డు, పట్టుమని పది అడుగులు. ‘రేపు’ అనండి. ఆ మాట ఎన్నిసార్లన్నా అరగదు. నెలాఖరు రిపోర్టులో మాత్రం ‘సమాజంతో మమేకం: 30 కార్యక్రమాలు’ అని రాసుకోండి.

ఒక సాయంత్రం టీ బంకువాడు మా ఆఫీసు గదికొచ్చాడు. చేతిలో పది రూపాయల నోటు.

‘సారుగారున్నారాండీ?’

‘నేనే.’

‘మీరు కాదండీ. గళ్ల చొక్కా సారు. ప్రమిద ఇరవై అన్నారు. టీ పది పోను పది బాకీ. అప్పుడు చిల్లర లేదు.’

కిటికీలోంచి చూశాను. బంకులో పాల గిన్నె పక్కన, వెంకటేశ్వరస్వామి పటం ముందు, నీలం ప్రమిద వెలుగుతోంది. తిరగగొట్టిన సరుకుని కనిపెట్టుకుని ఉండాలని ఇందాకే చెప్పాల్సింది.

మీకిలాంటిది ఎదురైతే కంగారుపడకండి. ‘నేనిస్తాలే’ అని ఆ పదీ పుచ్చుకుని జేబులో వేసుకోండి. రెండు వేల లోపే కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. గేటు తాళం మాత్రం ఆ రాత్రే మార్చేయండి. కొత్త తాళానికి దాత దొరుకుతాడు. పేరు రాయడానికి చోటు చాలదనుకుంటే కాస్త పెద్దది తీసుకోండి.