ఎనామిల్ తీగ కథ

ఎనామిల్ పూసిన రాగి తీగ పుట్టుక 8 మిల్లీమీటర్ల రాగి కడ్డీతో మొదలవుతుంది. కడ్డీని డైల గుండా లాగి సన్నం చేస్తారు. లాగుడుకు బిరుసెక్కిన రాగిని వేడి చేసి మెత్తబరుస్తారు. ఆపైన రెసిన్‌ను పలచగా పూసి ఓవెన్‌లో కాలుస్తారు. ఇలా పూయడం, కాల్చడం చాలాసార్లు సాగుతుంది. ఈ కథలోని తీగ మందం 0.8 మిల్లీమీటర్లు. పూత పాలిఎస్టర్ ఇమైడ్, 180 డిగ్రీల వేడి తట్టే తరగతి.

సిద్దిపేటలో మోటరు వైండింగ్ దుకాణం చేరే ముందు ఈ తీగ సోదరులు కొందరు పరీక్షలకు బలయ్యారు. పరీక్షించిన ముక్క మళ్లీ పనికిరాదు. వైండింగ్ తీగలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 13730. పరీక్షల్లో మొదట చూసేది వంగే గుణం. నున్నటి కడ్డీ మీద పది చుట్లు పక్కపక్కన ఆనేలా చుట్టి, భూతద్దంతో పగుళ్ల కోసం వెతుకుతారు. కడ్డీ మందం తీగ మందమంతే ఉంటే వంపు బయటి అంచు దాదాపు యాభై శాతం సాగుతుంది. రాగి అంత సాగినా పూత దానితోపాటే సాగాలి. ఇంతకన్నా కఠినమైన వంపు మోటరులో సాధారణంగా రాదు.

రెండోది పట్టు. తీగను ఒక్కసారిగా, తెగేదాకా, గుంజుతారు. పూత రాగిని వదిలి తొడుగులా జారితే ఆ చుట్ట పక్కకే. ఒక మిల్లీమీటరు దాటిన లావు తీగకు గుంజుడు బదులు మెలితిప్పుడు: రెండు వైపులా పూత గీకి, తీగను తిప్పుతూ ఎన్ని తిప్పులకు పూత ఊడుతుందో లెక్కిస్తారు. చుట్టిన ముక్కను 200 డిగ్రీల వేడిలో అరగంట ఉంచే పరీక్ష కూడా ఉంది. చల్లగా ఉన్నప్పుడు దాగిన పగులు వేడికి బయటపడుతుంది.

పరీక్షలో తీగ ఓడితే తప్పు తరచు ఓవెన్‌దే. తక్కువ కాలితే పూత మెత్తగా మిగులుతుంది, ఎక్కువ కాలితే పెళుసెక్కుతుంది. రాగిపై లాగుడు నూనె మిగిలినా పట్టు దొరకదు.

సిద్దిపేట సేద్యంలో బోర్లది పెద్ద పాత్ర. లో వోల్టేజీకో, ఒక ఫేజ్ పోయినప్పుడో మోటరు కాలితే రైతు వైండింగ్ దుకాణానికే వస్తాడు. అక్కడ తీగను స్టేటర్ గాడుల్లోకి కుక్కుతారు. మూల మలుపులో ఒక్క పగులున్నా పక్క చుట్టుతో షార్ట్ అయి మోటరు మళ్లీ కాలవచ్చు. నీళ్లు నిండిన సబ్‌మెర్సిబుల్‌కు మాత్రం ఈ తీగ చాలదు, దానికి ప్లాస్టిక్ టేపు చుట్టిన తీగ వేరే ఉంది.

ఈ తీగ వాడే మోటరును వైండింగ్‌కు ఇచ్చే రైతు కూలి బేరమాడే ముందు తీగ చుట్ట లేబుల్ అడిగి చూడాలి: ఐఎస్ఐ గుర్తు, 13730 అంకె, పూత మందం చెప్పే గ్రేడు.