మోసినవాళ్లనే మోశాను

నేను కెనూను. రెండు కొనలూ సన్నగా తేలిన 17 అడుగుల అల్యూమినియం దోనెను. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని బౌండరీ వాటర్స్ అనే అడవి ఉంది. పది లక్షల ఎకరాలకు పైబడిన ఆ అడవిలో వెయ్యికి మించి సరస్సులున్నాయి. లోపలికి వెళ్తే రోడ్లుండవు. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు కాలిబాటలే దారి. నీళ్ల మీద మనిషిని నేను మోస్తాను, నేల మీద మనిషి నన్ను మోస్తాడు. మా ఇద్దరి మధ్య ఉన్న ఒప్పందం అంతే.

ఈ ఒప్పందం నాతో మొదలైంది కాదు. ఇక్కడి ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు బిర్చ్ చెట్టు బెరడును స్ప్రూస్ వేళ్లతో కుట్టి, అతుకులకు బంక పూసి చేసిన దోనెలు మా వంశానికి మూలం. బొచ్చుతోళ్ల వర్తకులు ఈ సరస్సులు దాటింది వాటి మీదే. నా పుట్టుక వేరు. గ్రమ్మన్ విమానాల కంపెనీలో పనిచేసే విలియం హాఫ్‌మన్ 1944లో గుడ్డ తొడిగిన బరువైన కెనూను మోసి అలిసిపోయి, విమానాలకు వాడే లోహంతోనే దోనె చేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడట. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మేం పుట్టాం. 1969లో చంద్రుడి మీద దిగిన ఈగిల్ నౌక కూడా గ్రమ్మన్ చేసిందే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

ఇక్కడ కాలిబాటలను రాడ్లలో కొలుస్తారు. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు నా పొడవు. నన్ను మోసే మనిషి ముందు తొడల మీదికి లాక్కుని, ఒక్క ఊపుతో తలమీదికి తిప్పి, అడ్డంగా ఉన్న కాడిని భుజాలకెత్తుకుంటాడు. బోర్లించిన నా కడుపులో ఇక అతనికి వినబడేది తన ఊపిరే. కనబడేది ముందున్న రెండు మూడు అడుగుల రాళ్లూ వేళ్లూ. నేను సుమారు 34 కిలోలు. మెడ నరాలు తెగుతున్నట్టున్నా, చెట్ల సందున నీళ్లు మెరవగానే అతని అడుగు వేగం పెరుగుతుంది.

ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో మంచు కరుగుతుంది. అప్పటికి సరస్సు మీది మంచు నిలువు పుల్లలుగా విడిపోయి ఉంటుంది. గాలి వీస్తే ఆ పుల్లలు నా పక్కలకు తగిలి గాజుల్లా గలగలమంటాయి. జూన్‌లో దోమలు, నల్ల ఈగలు మనుషుల్ని పీక్కుతింటాయి. రాత్రిళ్లు ఎలుగుబంట్లకు అందకుండా తిండి మూటల్ని చెట్టుకొమ్మకు వేలాడదీస్తారు. నన్ను ఒడ్డున బోర్లించి చెట్టుకు కట్టేస్తారు. చీకట్లో లూన్ పక్షి కూత ఒక సరస్సులో మొదలైతే పక్క సరస్సు నుంచి బదులొస్తుంది.

ఆగస్టు చివరికి అడవి వరి పండుతుంది. ఓజిబ్వేలు దాన్ని మనూమిన్ అంటారు. ఒకరు గడకర్రతో నన్ను నెడుతుంటే, రెండోవారు రెండు దేవదారు కర్రలతో కంకుల్ని వంచి మెల్లగా తడతారు. గింజలు నా అడుగున రాలతాయి, కొన్ని నీళ్లలో పడి వచ్చే ఏటి పంటకు విత్తనమవుతాయి. అక్టోబరులో టామరాక్ చెట్ల సూదుల్లాంటి ఆకులు బంగారు రంగుకు తిరిగి రాలిపోతాయి. చలి ముదిరేకొద్దీ పైనీరు చల్లబడి, నాలుగు డిగ్రీల దగ్గర అత్యంత బరువెక్కి కిందికి దిగుతుంది. సరస్సు అడుగూ పైనా కలిసిపోతాయి. ఆ తర్వాత ఇంకా చల్లబడిన నీరు తేలికై పైనే ఉండి గడ్డకడుతుంది. దాని కింద చేపలు బతికే ఉంటాయి.

ఈ అడవికి 1964లో ఒక చట్టం, 1978లో మరొక చట్టం రక్షణనిచ్చాయి. చాలా సరస్సుల్లో మోటారు పడవలకు చోటు లేదు. జట్టుకు 9 మందికి మించరాదు, నాలుగు దోనెలకు మించరాదు. తిండి, పానీయాల డబ్బాలు, గాజు సీసాలు తేరాదు. ఆ నియమాల వల్లే ఇక్కడ తెడ్డు చప్పుడు వినబడుతుంది.

నాకు కోపం బరువు మోయించినవాళ్ల మీద లేదు, ఈడ్చినవాళ్ల మీద ఉంది. మోసే ఓపిక లేక కొందరు నన్ను రాళ్ల మీదుగా బరబరా లాక్కుపోయారు. కాలిబాటల మొదట్లో రాళ్ల మీద వెండి గీతలు కనిపిస్తే అవి మా ఒంటి తోలు. తర్వాత ఇంచుమించు నాలో సగం బరువుండే, కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన దోనెలు వచ్చాయి. అద్దెకిచ్చే దుకాణం నన్ను అమ్మేసింది. కొన్నాయన రెండు వేసవులు తిప్పి, షెడ్డు వెనక వెల్లకిలా పడేశాడు. వాన నీరు నిండింది, ఆకులు కుళ్లాయి. శీతాకాలం ఆ నీరు గడ్డకట్టి ఉబ్బితే అతుకుల్లో రివెట్లు వదులయ్యాయి. కొనల్లో నేను మునగకుండా పెట్టిన థర్మోకోల్‌ను ఎలుకలు కొరికి గూళ్లు కట్టుకున్నాయి. ఒక ఏడు నాలో కట్టెలు పేర్చారు, మరో ఏడు చెత్త పోశారు. మొన్న పాత ఇనుము వ్యాపారి వచ్చి నన్ను చేత్తో ఎత్తి చూసి కిలోల లెక్క చెప్పాడు. నా ఒంట్లో లోహం ఎంతో అతనికి తెలుసు. నేను ఎంతమందిని గాలివానలో ఒడ్డు చేర్చానో అతనికి అక్కర్లేదు.

నేను తుప్పు పట్టలేదు, చివకలేదు. వదులైన రివెట్లు బిగించి, అతుకులకు పూత వేసి, కొనల్లో కొత్త థర్మోకోల్ పెడితే మళ్లీ తేలతాను. మీ పెరట్లో నాలాంటిది ఉంటే కనీసం దిమ్మెల మీద బోర్లించండి. మీకు అక్కర్లేకపోతే తెడ్డు పట్టడం నేర్చుకునే పిల్లలకివ్వండి. వాడుతున్నంత కాలం ఒక్క మాట గుర్తుంచుకోండి: రాళ్ల మీద ఈడ్చకండి, ఎత్తి మోయండి.