డాబా మీద హైటెక్స్

స్టాల్ అంటే నాకు తెలిసింది నాంపల్లి నుమాయిష్ ఒక్కటే. 1938లో మొదలైన ఆ ఎగ్జిబిషన్‌కి చిన్నప్పుడు మా మావయ్య తీసుకెళ్తే మిర్చి బజ్జీ తిని, బుల్లి రైలెక్కి, ఆయన భుజం మీద నిద్రపోయి తిరిగొచ్చాను. అంచేత "ఏమండీ, హైటెక్స్‌లో ఫుడ్ ట్రేడ్ షోకి స్టాల్ బుక్ చేశాను" అని మా ఆవిడ అన్నప్పుడు నాకు ముందు బజ్జీలే గుర్తొచ్చాయి.

"బజ్జీలు కాదు. డీలర్లొస్తారు. టన్నుల్లో మాట్లాడతారు" అంది.

మేం గుంటూరులో ఇంటి వెనక షెడ్డులో పచ్చళ్లు పట్టి అమ్ముతాం. టన్ను అన్న మాట మా ఇంట్లో ఏసీ గురించి తప్ప ఎప్పుడూ రాలేదు.

స్టాల్ వివరాలు కాగితం మీద వచ్చాయి. 3 మీటర్లు పొడవు, 3 మీటర్లు వెడల్పు. మూడువైపులా తెల్ల పలకలు, ఒక టేబులు, రెండు కుర్చీలు, మూడు లైట్లు, 5 ఆంపుల ప్లగ్గు ఒకటి, చెత్తబుట్ట ఒకటి. మొత్తం అద్దె మీద 18 శాతం జీఎస్టీ. అంటే చెత్తబుట్టకి కూడా జీఎస్టీ కడుతున్నట్టే కదా, మరి దాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చా అని ఫోన్ చేసి అడిగాను. అవతలి అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.

తొమ్మిది చదరపు మీటర్లంటే ఎంతో కంటికి ఆనాలిగా! మా ఆవిడ డాబా మీద ముగ్గుపిండితో గీసేసింది. అందులో టేబులు, కుర్చీలు, సీసాల అట్టపెట్టెలు ఆరు, రోలప్ స్టాండీ పెట్టేసరికి నాకు ఒంటికాలి మీద నిలబడే చోటు మిగిలింది. ఆ స్టాండీ ఒక రాక్షసి. కింద గొట్టంలోంచి బొమ్మని పైకి లాగి వెనక కర్రకి తగిలించాలి. తగిలించబోతుంటే చేయి జారింది. సర్రున ఆవకాయ జాడీ, దాని పక్కన నవ్వుతున్న మా ఆవిడ, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు 14 అంకెలూ పాము పుట్టలోకి దూరినట్టు లోపలికి వెళ్లిపోయాయి. రెండోసారి నా చొక్కా గుండీని కూడా వెంటబెట్టుకుని వెళ్లింది.

సాయంత్రం రిహార్సలు. నేను స్టాల్ మనిషిని, పక్కింటి పిన్నిగారు డీలరు. ఎంఓక్యూ ఎంత, షెల్ఫ్ లైఫ్ ఎన్ని నెలలు, మార్జిన్ ఎంత ఇస్తారు అని అడుగుతారంటూ మా అబ్బాయి జవాబులు రాసిచ్చాడు. ఎంఓక్యూ అంటే కనీసం ఎంత సరుకు కొనాలన్నదట. నేనింకా బ్యాంకువాళ్ల కొత్త ఫారం అనుకున్నాను.

"నమస్కారమండీ, మా ఆవకాయ నువ్వులనూనెతో..." అన్నానో లేదో పిన్నిగారు మూత తీసి వాసన చూసి, ఓ చుక్క చప్పరించి, "మెంతులు ఓ పిసరు ఎక్కువయ్యాయి. సీసా ఎంత? అంతా! పెళ్లివాళ్లకీ అంతేనా?" అంది.

కాగితం అటూ ఇటూ తిప్పాను. పెళ్లివాళ్ల ఊసే లేదు.

అసలు చిక్కు రుచి చూపించడం దగ్గరొచ్చింది. ఆవకాయని వట్టిదే నాలిక మీద పెడితే డీలరు ఆర్డరివ్వడు, మంచినీళ్లడుగుతాడు. అన్నం కావాలి. హాల్లో వంట కుదరదన్నారు. కరెంటు కుక్కరుకి మంటెక్కడిదని నా వాదన. ప్లగ్గు ఒకటే ఉంది, దానికి ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకోవాలని మా అబ్బాయి వాదన.

"పొద్దున్నే వండి హాట్‌ప్యాక్‌లో పట్టుకెళ్లండి" అని పిన్నిగారు తేల్చేసింది. "గోళీలంత ముద్దలు కలిపి, పైన నెయ్యిచుక్క వేసి అందరికీ పెట్టాలి. నోట్లో ముద్ద ఉన్నవాడు బేరమాడలేడు, అబ్బాయ్!"

నమ్మకం కుదరక స్థానాలు మార్చాం. ఆవిడ ముగ్గులోపల, నేను బయట. అయిదు నిమిషాల్లో మా ఆవకాయే నాలుగు సీసాలు కొంటానని ఒప్పుకున్నాను, అదీ పూర్తి ధరకి.

మా సైజు స్టాల్‌కి ఎగ్జిబిటర్ బ్యాడ్జీలు రెండే ఇస్తారట. మొన్న వచ్చాయి. ఒకదాని మీద మా ఆవిడ పేరు, రెండోదాని మీద పిన్నిగారి పేరు. నాకూ వేరే రంగుది ఒకటొచ్చింది. 'సర్వీస్' అని ఉంది, పెట్టెలు మోసేవాళ్లకి ఇచ్చేది. మెళ్లో వేసుకుని అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉంది. అడుగున సన్నటి అక్షరాల్లో మాత్రం, షోకి ముందురోజు రాత్రి ఎనిమిదింటి దాకానే చెల్లుతుందని రాసుంది.