ఎక్కారా, ఎక్కించారా?

తెలుగు వ్యాకరణంలో ప్రేరణార్థకమని ఒక సదుపాయం ఉంది. వండు, వండించు; రాయు, రాయించు; మోయు, మోయించు. చెమట ఒకరిది, పెత్తనం మరొకరిది అయినప్పుడు ఆ సంగతి క్రియలోనే తేలిపోయే ఏర్పాటది. పెళ్లికి ఐదు వందల మందికి భోజనాలు పెట్టిన పెద్దమనిషి ‘వండించాను’ అంటాడే తప్ప ‘వండాను’ అనడు. అలా అన్నందుకు ఆయన పరువేమీ పోదు, వంటవాడి పరువు దక్కుతుంది. ఎక్కు అనే క్రియకు కూడా ఈ రూపం ఉంది. బస్సు కండక్టర్లు రోజుకు వందసార్లు వాడతారు. అయితే సముద్రమట్టానికి 5,364 మీటర్ల ఎత్తునున్న ఎవరెస్టు బేస్‌క్యాంపు దాటగానే పాపం ఈ రూపానికి ఊపిరాడదు. అక్కడినుంచి పైకి వెళ్లేవాళ్లంతా ‘ఎక్కినవాళ్లే’. మర్నాటి పేపర్లో వాళ్లు ‘అధిరోహిస్తారు’, ‘శిఖరాన్ని ముద్దాడతారు’, ‘మువ్వన్నెల పతాకాన్ని రెపరెపలాడిస్తారు’. ఎక్కించుకున్నవాడు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకడు.

అసలక్కడ జరిగేదేమిటో చూద్దాం. నేపాల్ వైపు నుంచి వెళ్లేవారికి మొదటి గండం ఖుంబూ ఐస్‌ఫాల్. రోజుకు మీటరు దాకా కదిలే మంచు నది అది. ఇళ్లంతేసి గడ్డలు ఎప్పుడు విరిగిపడేదీ వాటికే తెలియదు. క్లయింటు ఇంకా తన ఊళ్లో కొత్త బూట్లు తొడుక్కుని మేడ మెట్ల మీద సాధన చేస్తుండగానే, ‘ఐస్‌ఫాల్ డాక్టర్లు’ అని పేరుపడ్డ కొద్దిమంది షెర్పాలు అందులోకి దిగుతారు. పగుళ్ల మీద అల్యూమినియం నిచ్చెనలు వేస్తారు, ఒకటి చాలకపోతే రెండు మూడు కలిపి తాళ్లతో కట్టేస్తారు. మంచు కదిలి నిచ్చెన వంగిపోతే మళ్లీ వెళ్లి సరిచేస్తారు. ఆ పైన ఇంకో బృందం శిఖరం దాకా తాడు బిగించుకుంటూ పోతుంది. ఏటా వసంతంలో ఈ వైపు నుంచి మొదట శిఖరం చేరేది సాధారణంగా ఈ తాడు కట్టేవాళ్లే. అంటే తర్వాత వచ్చే విజేతలందరూ, అప్పటికే కొందరు డ్యూటీ మీద వెళ్లొచ్చిన చోటుకే వెళ్లి విజయం సాధిస్తున్నారన్నమాట. డేరాలు, గ్యాసు, తిండి, ఆక్సిజన్ సిలిండర్లు పై క్యాంపులకు చేరేది మనుషుల వీపుల మీదే. ఈమధ్య కొంత సరుకును ఐస్‌ఫాల్ దాటించడానికి డ్రోన్లు వచ్చాయి. డ్రోన్లు ఇంకా సన్మానాలు అడగడం లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక శిఖరానికి బయల్దేరే రాత్రి సంగతి. దాదాపు 7,900 మీటర్ల ఎత్తున సౌత్ కోల్‌లో షెర్పా మంచు కరిగించి నీళ్లు చేస్తాడు, వణుకుతున్న క్లయింటు బూట్లకు ఇనుప కోరలున్న క్రాంపాన్లు బిగిస్తాడు, మాస్కు సర్ది సిలిండర్ తిప్పుతాడు. తాడుకు జుమార్ అనే పిడి తగిలిస్తారు. అది పైకి జరుగుతుంది గాని కిందికి జారదు. అచ్చం మన ధరల్లాంటి పరికరం. తాడును మంచులో దిగ్గొట్టిన ప్రతిచోటా కొక్కెం విప్పి అవతలి తాడుకు తగిలించాలి. మందపాటి గ్లవ్స్‌లో మొద్దుబారిన వేళ్లకు అది సాగకపోతే ఆ పని కూడా షెర్పాయే చేస్తాడు. 8,400 మీటర్ల దగ్గర ‘బాల్కనీ’ అని ఒక చదును ఉంది. అక్కడ పాత సిలిండర్ తీసి కొత్తది పెడతారు. ఆ కొత్తది అక్కడిదాకా ఎవరి వీపు మీద వచ్చిందో ఊహించడానికి ఆక్సిజన్ అక్కర్లేదు. క్లయింటు తన గాలి తాను పీలుస్తాడు, నిజమే. ఆ గాలిని మోసుకొచ్చిందీ, మీట తిప్పిందీ వేరే మనిషి.

ఈ వ్యాపారానికి ముహూర్తం 1985లో పడిందంటారు. ఆ ఏడాది డిక్ బాస్ అనే అమెరికన్ వ్యాపారి 55 ఏళ్ల వయసులో డేవిడ్ బ్రీషర్స్ అనే నిపుణుడి తోడుతో ఎవరెస్టు చేరి, ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలు ఎక్కిన మొదటి మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. పర్వతారోహణ వృత్తిగా లేనివాడు కూడా డబ్బూ పట్టుదలా ఉంటే వెళ్లగలడని ప్రపంచానికి అర్థమైంది. వెళ్లగలడన్న చోట తీసుకెళ్లేవాడు పుట్టుకొస్తాడు. 1996 మేలో ఒక్క తుపానుకు ఎనిమిది మంది చనిపోయారు. వారిలో 65,000 డాలర్లు తీసుకుని క్లయింట్లను నడిపించే కంపెనీల పేరున్న గైడ్లు కూడా ఉన్నారు. దాని మీద జాన్ క్రాకవర్ రాసిన పుస్తకం లక్షలమంది చదివారు. చదివినవాళ్లు భయపడి మానుకుంటారని లోకం అనుకుంది, కంపెనీల ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. 2019 వసంతంలో నేపాల్ ఇచ్చిన పర్మిట్లు 381. ఆ మే 22న శిఖరం కింద గట్టు మీద వందలాది మంది ఒకరి వెనక ఒకరు నిలబడ్డ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. 2023లో పర్మిట్లు 478కి చేరాయి. ఒక్కోటి 11,000 డాలర్ల చొప్పున 52 లక్షల డాలర్ల పైమాట. 2025 సెప్టెంబరు నుంచి ఆ ఫీజు 15,000. తిరుమల క్యూ కాంప్లెక్సుతో పోల్చాలని నోరూరుతుంది గాని, అది తిరుమలకు అన్యాయం. అక్కడ బ్రేక్ దర్శనానికి వెళ్లినవాడు అలిపిరి మెట్లన్నీ ఎక్కి వచ్చానని బయట చెప్పుకోడు.

వ్యాకరణం పట్టుకుని ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? క్రియలో కర్త మాయమైతే లెక్కల్లోనూ మాయమవుతాడు కాబట్టి. 2014 ఏప్రిల్ 18 ఉదయం ఖుంబూ ఐస్‌ఫాల్ మీద మంచు విరుచుకుపడి 16 మంది చనిపోయారు. పదహారు మందీ నేపాలీ కార్మికులే, క్లయింట్ల కోసం సరుకు మోస్తున్నవాళ్లే. ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు, అంటే సుమారు 400 డాలర్లు. ఒక్క క్లయింటు పర్మిట్ ఫీజులో చిన్న ముక్క. షెర్పాలు పనికి రామని మొండికేస్తే నేపాల్ వైపు ఆ సీజన్ మూతపడింది. సాయం, బీమా మొత్తాలు పెరిగింది ఆ తర్వాతే. క్లయింటు ఆ ఐస్‌ఫాల్‌ను నాలుగైదు సార్లు దాటితే, సరుకు మోసేవాడు సీజన్‌కు దానికి ఎన్నో రెట్లు దాటాలి. ఎవరెస్టు మీద ఇప్పటిదాకా పోయిన ప్రాణాల్లో మూడో వంతుకు తక్కువ కానివి ఇలా కూలికి వెళ్లినవాళ్లవే. క్లయింటు పోతే ‘కలను వెంటాడుతూ అసువులు బాసిన సాహసి’. షెర్పా పోతే ‘ప్రమాదంలో మరో ముగ్గురు’.

‘టెన్జింగ్, హిల్లరీలు మాత్రం ఒంటరిగా వెళ్లారా?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. శిఖరం మొదటిసారి చేరిన ఆ 1953 యాత్ర వెంట 362 మంది కూలీలు, 20 మంది షెర్పాలు ఉన్నారు. ఆ లెక్కన మొదటి నుంచీ ఇది ఎక్కించుకునే పనే కదా అనొచ్చు. కానీ తేడా ఉంది. ఆ మే 29న శిఖరం మీద తాడు లేదు, ముందు వెళ్లినవాడి అడుగుజాడ లేదు. టెన్జింగ్ నార్గే హిల్లరీని ఎక్కించడానికి పెట్టుకున్న మనిషీ కాదు. అంతకు ముందు ఏడాదే స్విస్ యాత్రలో రేమండ్ లాంబర్ట్‌తో కలిసి దాదాపు 8,600 మీటర్ల దాకా వెళ్లొచ్చిన ఘనుడు. ఒకే తాడుకు రెండు కొసలు వాళ్లిద్దరూ. అయినా లండన్ మర్యాద లండన్‌దే: హిల్లరీకి సర్ బిరుదు, టెన్జింగ్‌కు జార్జ్ మెడల్. హిల్లరీ ఆ తర్వాత జీవితంలో సగం ఖుంబూ లోయలో బడులు, ఆసుపత్రి కట్టించడానికే ఖర్చుపెట్టారు. గమనించండి, అక్కడ ‘కట్టించారు’ అంటే ఎవరికీ చిన్నతనం కాలేదు.

రెండో వాదన ఇంకా గట్టిది. ఎంత డబ్బిచ్చినా నడవాల్సింది తన కాళ్లతోనే కదా, శిఖరం మీద గాలి కింద ఉన్నదాంట్లో మూడో వంతే కదా, 2023లో ఆ ఒక్క కొండ మీదే పద్దెనిమిది మంది దాకా పోయారు కదా అంటారు. అంతా నిజం. ఊపిరితిత్తులు చెక్కు తీసుకోవు. కానీ కష్టపడటం వేరు, ఆ కష్టానికి కర్తనని చెప్పుకోవడం వేరు. పైగా ఈ చావుల్లో కొన్నింటికి మూలం ఆ క్రియలోనే ఉంది. తానే ఎక్కేవాడికి ఎక్కడ వెనక్కి తిరగాలో తన ఒళ్లే చెబుతుంది. ఎక్కించుకునేవాడు ఆ లెక్కను గైడుకు అప్పగిస్తాడు. గైడు చేతిలో ఉన్నదేమో డబ్బు కట్టి, సెలవు పెట్టి, ఊళ్లో ఫ్లెక్సీకి ఆర్డరిచ్చి వచ్చిన మనిషి. కనుచూపు మేరలో శిఖరం పెట్టుకుని అతణ్ని వెనక్కి తిప్పడం 1996లో పండిపోయిన గైడ్లకే సాధ్యం కాలేదు. ఫలానా వేళకల్లా తిరిగిపోవాలన్న నియమం ఉంది, వేళ దాటిపోయింది, వాళ్లు పైకే వెళ్లారు. పైగా క్లయింటు శిఖరం చేరితే షెర్పాకు బోనస్ ఇవ్వడం ఈ వృత్తిలో ఆనవాయితీ. ప్రాణంతో దించినందుకు బోనస్ అన్న మాట అంతగా వినపడదు. ఎక్కించడానికి రేటున్న చోట దించడం ఉచిత సేవ అవుతుంది.

మూడో వాదన అందరూ చివరికి దాచుకునే తురుపు ముక్క: ‘వాళ్లకు అన్నం పెడుతున్నది ఈ యాత్రలే’. కాదనలేం. ఖుంబూలో ఇళ్లు, లాడ్జీలు, పిల్లల చదువులు ఈ డబ్బుతో వచ్చినవే. ఒకప్పుడు విదేశీ కంపెనీల చేతిలో ఉన్న వ్యాపారం ఇప్పుడు చాలావరకు నేపాలీ కంపెనీలదే. యాత్రలు ఆపమని ఎవరూ అనడం లేదు, అంటే ముందు కోప్పడేది షెర్పాలే. కానీ కూలి ఇచ్చాం కాబట్టి పేరు కూడా కొనేశామనడం ఏ బజారు న్యాయం? మన సినిమాల్లో హీరో భవనం మీంచి దూకుతాడు, కాలు విరిగేది డూప్‌కి. డూప్‌కూ డబ్బులిస్తారు. అయినా టైటిల్స్‌లో ‘ఫైట్స్’ అని ఒక కార్డు పడుతుంది. ఎవరెస్టు సినిమాలో ఆ కార్డు కూడా లేదు. 2025 మే నాటికి 31 సార్లు శిఖరం చేరిన కమీ రీతా షెర్పా పేరు ఏడాదికోసారి వార్తల్లో మెరుస్తుంది. ఆ 31 సార్లలో ఆయన వెంట వెళ్లి ఒక్కసారి ఎక్కినవాళ్లకు ఊళ్లలో ఎన్ని శాలువాలు కప్పి ఉంటారో లెక్కెవరికి తెలుసు?

ఇక్కడ తెలుగువాళ్లకో ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు చేరింది. వెంట ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. నేపాల్‌లో పదహారేళ్లు నిండాలి కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లారు. సంక్షేమ గురుకులం పంపింది, శిక్షకులు తయారు చేశారు, షెర్పాలు తోడున్నారు. మరి ఆ పిల్ల ఎక్కినట్టా, ఎక్కించినట్టా? ఎక్కించినట్టే, అందులో దాపరికమూ లేదు. వ్యవసాయ కూలీల బిడ్డను ప్రభుత్వ బడి అంత ఎత్తుకు ఎక్కించగలిగిందన్నదే అసలు కబురు. ప్రేరణార్థకం అక్కడ నామోషీ కాదు, గర్వం. బడి పేరు చెప్పుకున్నంత గట్టిగా షెర్పాల పేర్లు చెప్పుకోలేదన్నదే మన బాకీ. ఇక 5,895 మీటర్ల కిలిమంజారో మీద స్థానిక నాయకుడి బ్యానరు విప్పి, ఆ ఫొటో వాట్సాప్‌లో పెట్టేవాళ్ల సంగతి వేరు. అక్కడ నాయకుణ్ని కూడా పోర్టరే మోశాడు.

మంచి వార్త ఏమిటంటే, నేపాల్ ప్రభుత్వం వ్యాకరణం నేర్చుకుంటోంది. 8,000 మీటర్లు దాటిన శిఖరాల మీద ప్రతి ఇద్దరికీ ఒక గైడు తప్పనిసరని 2025లో నియమం తెచ్చింది. అంటే ఇకమీదట అక్కడ ప్రేరణార్థకం చట్టబద్ధం. మరి అది ధ్రువపత్రంలో కూడా ఉండాలి కదా? ‘ఎక్కినవారు’, ‘ఎక్కించినవారు’ అని రెండు గళ్లు, రెండింట్లోనూ పూర్తి పేర్లు. మార్చిన ఫొటోలతో 2016లో ఎవరెస్టు ఎక్కేశామన్న మహారాష్ట్ర పోలీసు జంటను నేపాల్ పదేళ్లు నిషేధించింది. రెండో గడి ఉండి ఉంటే, మొదటి రోజే అడగడానికి వాళ్లను ఎక్కించినవాడి పేరు కూడా కాగితం మీద ఉండేది. 2025లో నలుగురు బ్రిటిష్ మాజీ సైనికులు జినాన్ వాయువు పీల్చి, వారం తిరక్కుండా లండన్ నుంచి శిఖరానికి చేరితే పర్వతారోహణ పవిత్రత మంటగలిసిందని పెద్దలు బాధపడ్డారు. వాయువు పేరు వార్తలో వచ్చింది. సిలిండర్లు మోసినవాళ్ల పేర్లు రాలేదని బాధపడ్డవారు తక్కువ.

1953 మే 29న శిఖరం మీద తీసిన ప్రసిద్ధమైన ఫొటోలో ఉన్నది టెన్జింగ్ ఒక్కరే. తీసింది హిల్లరీ. ఆ రోజు శిఖరం మీద హిల్లరీ ఫొటో లేనే లేదు. ముందు అడుగు ఎవరిదని లోకం గుచ్చిగుచ్చి అడిగినా ఇద్దరూ చాలాకాలం ‘కలిసే చేరాం’ అన్నారు. 2021 జనవరి 16న పదిమంది నేపాలీలు చలికాలంలో అంతవరకూ ఎవరూ చేరని కె2 శిఖరానికి కాస్త దిగువన ఒకరి కోసం ఒకరు ఆగి, జాతీయగీతం పాడుకుంటూ పదిమందీ ఒకేసారి చేరారు. మొదటివాడెవరని అడిగే వీలే లేకుండా చేశారు. వ్యాకరణం వాళ్లకు వచ్చు. ఇంగ్లిషులో లేనిదీ తెలుగులో ఉన్నదీ ఒక మాట ఉంది. ‘మేం’ అంటే ఎదుటివాణ్ని పక్కన పెట్టడం, ‘మనం’ అంటే కలుపుకోవడం. శిఖరం మీద షెర్పా వైపు తిరిగి ‘మనం ఎక్కాం’ అనమని కోరడం అత్యాశే, మాస్కు తీయాలి, అంత ఖరీదైన గాలిని ఎవరు వృథా చేస్తారు? తిరిగొచ్చి శంషాబాద్ విమానాశ్రయంలో మెళ్లో దండ పడ్డాక చెప్పినా చాలు. అక్కడ గాలి ఉచితం.