అట్ట కనబడని చదువరి

కొత్తపేటలో ప్రతి అపార్ట్‌మెంటుకీ ఒక వాచ్‌మన్, ఒక బోరు మోటారు, ఒక ఈ-పుస్తకాల బాబాయ్ గారు ఉంటారు. వాచ్‌మన్ ఊరెళ్తాడు, మోటారు కాలిపోతుంది. బాబాయ్ గారు మాత్రం ఏడాది పొడుగునా అందుబాటులో ఉంటారు.

మా బాబాయ్ గారు రిటైరై తొమ్మిదేళ్లు. ఫోన్‌లో అయిదు పుస్తకాల యాప్‌లు, మూడువేల చిల్లర పీడీఎఫ్‌లు. "ఇవన్నీ చదివారా?" అని అడగకూడదు. బీరువా నిండా పట్టుచీరలున్న ఇల్లాలిని ఇవన్నీ కడతారా అని అడుగుతామా? పిన్ని మాత్రం మొహమాటపడదు. "నల్లా వచ్చిన రోజు డ్రమ్ములన్నీ నింపుకున్నట్టు నింపుకుంటారు. తాగేది గ్లాసెడే" అంటుంది.

యాప్‌లో ఏం బాగుంటుందని అడిగితే ఆయన మొదట చెప్పేది అక్షరం సైజు. శుక్లాల ఆపరేషన్ అయ్యాక దాన్ని ఎంత పెంచారంటే, తెర మీద పదకొండు మాటలకి మించి పట్టవు. దాంతో పేజీలు టపటపా తిరుగుతాయి. "ఇవాళ మూడొందల పేజీలు లాగించాను" అని సాయంత్రం లిఫ్టు దగ్గర ప్రకటిస్తారు. లెక్క అబద్ధం కాదు, పేజీయే పొట్టిది.

రెండోది, ఊరికే రుచి చూపించడం. మొదటి అధ్యాయం ఉచితం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడున్న రోజుల్లో మామిడి ముక్క కోసి చేతిలో పెట్టేవారట. ఆ మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది కానీ బాబాయ్ గారి అలవాటు తరలిపోలేదు. నూటపాతిక నవలల మొదటి అధ్యాయాలు ఆయనకి కొట్టిన పిండి. రెండో అధ్యాయంలో ఎవరు చచ్చిపోయినా ఆయనకి తెలియదు.

మూడోది శాతం. ఎంత చదివామో యాప్ కింద చూపిస్తుంది కదా, బాబాయ్ గారు ముప్పై అయిదు దాకా నిష్ఠగా చదివి మూసేస్తారు. "అదేమిటండీ?" అంటే, "పాస్ మార్కులొచ్చాయిగా" అన్నారు.

ఇక నచ్చనివి. ఆ జాబితా విప్పితే మన పని మర్నాడే. అన్నిటికన్నా ముందు పీడీఎఫ్. పాత తెలుగు పుస్తకం పీడీఎఫ్ అంటే స్కాన్ చేసిన పేజీల బొమ్మలే. ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు గసగసాల్లా ఉంటాయి. రెండు వేళ్లతో సాగదీస్తే పంక్తి తెర దాటిపోతుంది. దాన్ని వేలితో కుడివైపు కొస దాకా ఈడ్చుకెళ్లి, మళ్లీ ఎడమ అంచుకొచ్చి, కింది పంక్తిలో దిగబోయి దాని కింది పంక్తిలో దిగడం ఆయన నిత్యకృత్యం. ఓసారి వేలు జారి నాలుగు పేజీలు ఎగిరిపోయాయి. అందులోనే కథానాయిక పెళ్లి కూడా అయిపోయింది. పెళ్లిచూపుల దగ్గర వదిలిన పిల్ల చంకలో బిడ్డతో ప్రత్యక్షమయ్యేసరికి, "ఆ కాలంలోనే ఎంత అభ్యుదయమోయ్!" అని రాత్రి పదిన్నరకి నాకు ఫోన్ చేశారు.

పోనీ కొత్త పుస్తకాలో? తెలుగులో అచ్చుకోసం చాలావాటిని కూర్చింది అను ఫాంట్లలో, యూనికోడ్‌లో కాదు. ఆ ఫైలును సరిగ్గా మార్చకుండా యాప్‌లోకి తోస్తే, ఒత్తులు అక్షరాల కింద ఉండక బడి బెంచీ మీద పిల్లల్లా పక్కపక్కన కూర్చుంటాయి. "స్త్రీ అన్న మాట కోసం అరగంట వెతికాను. ముక్కలు ముక్కలుగా దొరికింది" అని వాపోయారు.

2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలంటూ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం మొదలుపెట్టారు. ఆ వరసలో తెలుగు లేదు. "మొదటి బంతిలో మనకి ఆకే వెయ్యలేదు" అన్న అలక ఆయనకి ఇంకా తీరలేదు.

కొన్న పుస్తకం మనదేనా అన్నది ఇంకో బెంగ. 2009 జూలైలో అమెరికాలో కొందరు కిండిల్‌లో కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ '1984' ఉన్నట్టుండి మాయమైంది. అమ్మినవాళ్లకి హక్కులు లేవని కంపెనీ డబ్బు వెనక్కిచ్చి పుస్తకం తుడిచేసింది, తర్వాత తప్పయిందని ఒప్పుకుంది. "అటక మీది పుస్తకం చెదలు తింటే చెదలతో తేల్చుకుంటాం. వీళ్లతో ఎక్కడ తేల్చుకోను?" అంటారు బాబాయ్ గారు. డబ్బు పెట్టి ఆయన ఇంతవరకు ఒక్క ఈ-పుస్తకం కొనలేదన్నది వేరే సంగతి.

ఏటా ఎన్టీఆర్ స్టేడియం పుస్తకాల పండక్కి వెళ్లి, ప్రతి స్టాల్‌లోనూ పుస్తకం తిరగేసి, "దీని పీడీఎఫ్ ఉందా?" అని అడిగి వస్తారు. అలాగని దొంగ కాపీలు ముట్టరు. రచయిత పోయాక అరవై ఏళ్లు హక్కులుంటాయని ఆయనకి తెలుసు. చలం 1979లో పోయారు గనక 2040లో విడుదలని క్యాలెండర్ వెనక రాసిపెట్టుకున్నారు. అప్పటికి తనకి ఎనభై రెండు.

ఇన్ని ఫిర్యాదుల అడుగున ఉన్న అసలు ఫిర్యాదు నాకు మెట్రోలో బయటపడింది. విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో ఎక్కాం. బాబాయ్ గారు తెర మీద వేలు జారుస్తూ లీనమైపోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కిన కోచింగ్ కుర్రాడొకడు కాసేపు గమనించి, ఆప్యాయంగా అడిగాడు.

"అంకుల్, ఏ లెవెల్‌ల ఉన్నరు?"

మలక్‌పేట దాకా బాబాయ్ గారు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "చూడు నాయనా, కాగితం పుస్తకానికి అట్ట ఎదుటివాడి వైపుంటుంది. ముప్పై ఏళ్లు ఆ అట్టలు చూసే జనం నన్ను పండితుడన్నారు. ఇప్పుడు నేను వేదాలు చదివినా క్యాండీ క్రష్ కిందే జమ."

మళ్లీ వారం అదే మెట్రోలో కనిపించారు. ఒళ్లో ఇటుకంత పుస్తకం, కాలికో బైండు, బంగారు రంగు అక్షరాల్లో 'శాంతిపర్వము'. పక్కన నిలబడ్డావిడ గౌరవంగా జరిగి చోటిచ్చింది కూడా. నేను వంగి చూద్దును కదా, శాంతిపర్వం నడిమధ్య ఫోను! హైస్కూల్లో సాంఘికశాస్త్రంలో డిటెక్టివ్ నవల పెట్టుకునేవాళ్లం, సరిగ్గా అలాగే. తెర మీద ఏదో ప్రేమ సీరియల్, ఎనభై ఏడో భాగం. కింద తాళం బొమ్మ: తర్వాతి భాగం రేపు, ఇప్పుడే కావాలంటే డబ్బు కట్టాలి.

ముప్పై అయిదు శాతం ఎప్పుడో దాటేశారన్నమాట.

నన్ను చూసి బాబాయ్ గారు కంగారుపడలేదు. పుస్తకాన్ని కాస్త పైకెత్తి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"అట్ట సరిగ్గా కనబడుతోందా?"