స్విచ్చుల బాబాయ్ గారు

బెజవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా ఒక స్విచ్చుల బాబాయ్ గారు కనపడతారు. పటమటలో ఉంటారు, మొగల్రాజపురంలో ఉంటారు, బందరు రోడ్డు వెంట పెనమలూరు దాకా లేచిన కొత్త అపార్ట్‌మెంట్లలోనూ ఉంటారు. వయసు అరవై దాటి ఉంటుంది. బ్యాంకులోనో, ఇరిగేషన్‌లోనో, జిల్లా పరిషత్ హైస్కూల్లోనో చేసి రిటైరై ఉంటారు. సొంతూరు గుడివాడ వైపో, అవనిగడ్డ వైపో. మనిషికన్నా ముందు చప్పుడు వస్తుంది. టక్. హాల్లో లైటు పోయింది. టక్. వంటింట్లో పోయింది. టక్. ఈసారి లోపల్నుంచి కేక: "ఎవరండీ అదీ? నేనింకా స్నానం చేస్తున్నా!"

"లోపల ఉన్నట్టు ఒక మాట చెప్పొద్దూ!" అంటారు బాబాయ్ గారు. అంటారే గానీ లైటు వెంటనే వెయ్యరు. లోపలున్న కోడలు ఇంకోసారి అడగాలి.

వీధిలోకి వస్తే మాత్రం ఆయన వేరే మనిషి. చెన్నై-కోల్‌కతా రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి కలిసే చోటు బెంజ్ సర్కిల్. రాత్రి పన్నెండింటికి కూడా హోర్డింగులు, నగల షాపుల అద్దాలు, ఫ్లైఓవర్ దీపాలు పట్టపగలు చేసి పెడతాయి. బట్టల షాపువాళ్ళు తలుపులు బార్లా తీసి, ఏసీ చల్లదనాన్ని పేవ్‌మెంట్ మీదికి వదిలేస్తుంటారు. బాబాయ్ గారు సరిగ్గా అక్కడే ఆగి, చొక్కా పైగుండీ తీసి, రెండు నిమిషాలు నిలబడతారు. "ఇంత కరెంటు వృథా పోతోంది, మీకేమీ అనిపించట్లేదా?" అని మనవడు అడిగితే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. "మన మీటరు కాదులేరా."

ఆయన పొదుపు అంతా ఆ మీటరు సరిహద్దు లోపలే. సరే, లోపలైనా లెక్క ఎలా ఉందో చూద్దాం. వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. బాత్రూమ్‌లో వెలిగేది 9 వాట్ల ఎల్ఈడీ బల్బు. అది ఒక్క యూనిట్ లాగాలంటే 111 గంటలు వెలగాలి. కోడలు మర్చిపోయి 20 నిమిషాలు వదిలేసిందనుకుందాం. యూనిట్ ధర 8 రూపాయల 75 పైసలు పడే స్లాబులో ఉన్నా, ఆ మతిమరుపు ఖరీదు మూడు పైసలకు లోపే. దాని మీద బాబాయ్ గారి ఉపన్యాసం ఇంకో 20 నిమిషాలు. ఆ ఉపన్యాసం సాగినంతసేపూ వెనకాల టీవీ మ్యూట్‌లో నడుస్తూనే ఉంటుంది.

రాత్రి పదింటికి అసలు ఘట్టం మొదలవుతుంది. రోహిణి కార్తెలో బెజవాడ సంగతి చెప్పాలా? ఎండ దిగిపోయినా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. బాబాయ్ గారు ఏసీ రిమోట్ అందుకుని 18 మీద పెడతారు. "తక్కువలో పెడితే తొందరగా చల్లబడుతుంది" అని ఆయన నమ్మకం. నిజానికి ఆ అంకె ఏసీకి ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప ఎంత తొందరగా పరిగెత్తాలో చెప్పదు. మే నెల బెజవాడలో, మేడ మీది ఫ్లాట్‌లో, గది 18 డిగ్రీలకు దిగేదీ లేదు, కంప్రెసర్ ఆగేదీ లేదు. పాత ఒకటిన్నర టన్ను ఏసీ గట్టిగా నడిస్తే గంటకు యూనిట్టున్నర దాకా లాగుతుంది. అంటే బాత్రూమ్ బల్బు 166 గంటల తిండి ఒక్క గంటలో. అర్ధరాత్రి చలేసి బాబాయ్ గారు రగ్గు కప్పుకుంటారు. రెండింటికి మెలకువ వస్తుంది. లేచి వెళ్ళి, హాల్లో దేవుడి పటం దగ్గర వెలిగే బుల్లి బల్బు ఆర్పేసి, తృప్తిగా వచ్చి మళ్ళీ రగ్గులో దూరతారు.

ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ వాడకం సుమారు 6 శాతం తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ, అదే బీఈఈ, ఎప్పట్నుంచో చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన కూడా వచ్చింది. ఫ్యాక్టరీ 24 పెట్టి పంపిస్తే బాబాయ్ గారు ఆరుసార్లు నొక్కి 18కి దించుతారు. 2025 జూన్‌లో కేంద్ర మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్, ఇకపై ఏసీలను 20 నుంచి 28 డిగ్రీల మధ్యే నడిచేలా చేస్తామని ప్రకటించినప్పుడు బాబాయ్ గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "మా పడగ్గదిలో ఏం పెట్టుకోవాలో ఢిల్లీవాళ్ళు చెబుతారా? ఒకరింట్లో ఇంకొకరి పెత్తనమేంటి?" అన్నారు. స్నానాల గదిలో ఉన్న కోడలు ఆ మాట విన్నదో లేదో తెలియదు.

ఆయన్ని చూసి నవ్వడం తేలికే గానీ, ఆ చెయ్యి ఎక్కడ అలవాటు పడిందో కూడా చూడాలి. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో ఇంటికి కరెంటు వచ్చినప్పుడు ఉన్నది మూడు ఫిలమెంట్ బల్బులు, ఆ తర్వాత ఎప్పుడో ఒక ఫ్యాను. 60 వాట్ల బల్బులు మూడు ఐదు గంటలు వెలిగితే దగ్గర దగ్గర ఒక యూనిట్. ఇంటి వాడకంలో సింహభాగం దీపాలదే. ఆ ఇంట్లో నాన్నగారు "లైటు తియ్యండిరా" అని అరిచారంటే ఆ అరుపు లెక్కకు నిలిచింది. పడుకునేటప్పుడు వేసే జీరో బల్బుకి మాత్రం మినహాయింపు ఉండేది. పేరే జీరో కదా, ఏం కాలుతుందిలే అని. పాత ఫిలమెంట్ జీరో బల్బు నిజానికి 10, 15 వాట్లు తీసుకునేది. ఇప్పుడు బాబాయ్ గారు పరిగెత్తి మరీ ఆర్పే బాత్రూమ్ లైటు, అప్పట్లో రాత్రంతా నిర్భయంగా వెలిగిన జీరో బల్బుకన్నా తక్కువ తింటోంది.

ఆ తర్వాత ఇల్లు మారింది. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు జిల్లాల్లో పాత బల్బు ఇచ్చినవాళ్ళకు పది రూపాయలకే ఎల్ఈడీ బల్బులు ఇచ్చారు. అందులో కృష్ణ అవతలి గుంటూరు జిల్లా ఉంది, ఇవతలి కృష్ణా జిల్లా లేదు. గుంటూరు బావమరిది ఆ బల్బు గురించి ఫోన్లో గొప్పలు చెబితే బాబాయ్ గారు వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. 2015 జనవరిలో ఆ పథకం దేశమంతటికీ వెళ్ళి, తర్వాత ఉజాలా అన్న పేరుతో 36 కోట్లకు పైగా బల్బులు పంచింది. దీపాల వాడకం అలా ఆరో వంతుకి పడిపోయింది. ఆ ఖాళీలోకి ఏసీ వచ్చింది, గీజరు వచ్చింది, రెండు తలుపుల ఫ్రిజ్ వచ్చింది, వాషింగ్ మెషీన్ వచ్చింది. బాబాయ్ గారి చెయ్యి మాత్రం పాత స్విచ్చు దగ్గరే ఉండిపోయింది. వెలుగు కంటికి కనపడుతుంది కాబట్టి వృథా కూడా అక్కడే కనపడుతుంది. గీజరు అటక కింద మౌనంగా అరగంటకో యూనిట్ మింగుతుంటే ఎవరికి తెలుస్తుంది?

ఈ చూపు ఒక్క బెజవాడదే అనుకుంటే పొరపాటు. అమెరికాలో షాజీన్ అత్తారి అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 505 మందిని అడిగి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. కరెంటూ ఇంధనమూ ఆదా చేయడానికి మీరు చేయగలిగిన అతి గొప్ప పని ఏది అంటే, అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు లైట్లు ఆర్పడం. ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు అదే చెప్పారు. పెద్ద పరికరాలు ఎంత తింటాయో చెప్పమంటే, ఉన్నదానికన్నా చాలా తక్కువ చేసి చెప్పారు. ఇంకా వెనక్కి వెళ్తే, 1960లలో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ వైట్‌హౌస్ గదులన్నీ తిరుగుతూ లైట్లు ఆర్పేవాడు. దాంతో ఆయనకు లైట్‌బల్బ్ జాన్సన్ అన్న పేరు పడింది. ఈ సంగతి ఎవరో చెప్పిన దగ్గర్నుంచి బాబాయ్ గారు స్విచ్చు మీద చెయ్యి వేసే తీరులో కొంచెం రాజసం కూడా చేరింది.

ఇక స్లాబు. బాబాయ్ గారికి స్లాబు ఒక లక్ష్మణరేఖ. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఈ అంకెలు ఆయనకు ఎక్కాల్లా నోటికొచ్చు. 225 దాటితే మొత్తం బిల్లు ఎగిరిపోతుందని ఆయన భయం. లెక్క వేస్తే 225 యూనిట్లకు వచ్చేది 1,017 రూపాయలు. 226వ యూనిట్ ఒక్కటే 8.75 పడుతుంది, ముందరి 225 ఎక్కడివక్కడే ఉంటాయి. భయానికి ఆధారం లేకపోలేదు. అంతకు ముందు వాడకాన్ని బట్టి ఇళ్ళను ఏ, బీ, సీ అని గ్రూపులు చేసేవాళ్ళు. గ్రూపు మారితే మొదటి యూనిట్ నుంచే రేటు మారేది. గ్రూపులు పోయినా దడ పోలేదు.

అందుకని రీడింగ్ తేదీ దగ్గరపడే కొద్దీ ఇంట్లో కర్ఫ్యూ. గ్రైండర్ వాడొద్దంటారు. "ఇడ్లీపిండికీ స్లాబుకీ ఏంటండీ సంబంధం?" అని పిన్ని గారు మొత్తుకుంటారు. అరగంట గ్రైండర్ తిరిగితే పదో వంతు యూనిట్టే అయ్యేది. అయినా ఆ రోజుల్లో ఉప్మాయే. రీడింగ్ తీసే కుర్రాడు సెల్లార్లోకి రాగానే బాబాయ్ గారు లిఫ్ట్ ఎక్కకుండా మెట్లు దిగి వస్తారు. లిఫ్ట్ కరెంటు మెయింటెనెన్స్‌లో పడుతుంది మరి. మెషీన్‌లోంచి చీటీ బయటికి రాకముందే తల పెట్టి చదువుతారు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, కస్టమర్ ఛార్జీలు, సుంకం దాకా ఓపిక పడతారు. ఇంధన సర్దుబాటు దగ్గర ఆగిపోతారు. 2022-23లో వాడిన కరెంటు తాలూకు సర్దుబాటు 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లోకి ఎక్కింది.

"రెండేళ్ళ కిందట ఆర్పేసిన లైటుకి ఇప్పుడు బిల్లేంటయ్యా?"

"ఆర్పినదానికి కాదండీ, వెలిగినదానికి."

"మా ఇంట్లో వెలగనివ్వలేదుగా!"

కుర్రాడు నవ్వుకుంటూ పక్క మీటరుకి వెళ్ళిపోతాడు.

నిజమైన పొదుపు ఆ ఇంట్లో కోడలి వల్ల జరిగింది, అదీ బాబాయ్ గారు తిరుపతి వెళ్ళినప్పుడు. గవర్నర్‌పేటకి వెళ్ళి నాలుగు బీఎల్‌డీసీ ఫ్యాన్లు తెచ్చి బిగించేసింది. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే ఇది 30. రోజుకు 15 గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. నాలుగూ అలాగే తిరిగితే 80. బాత్రూమ్ బల్బును ఏడాది పొడుగునా రాత్రీ పగలూ వెలిగించినా 80 యూనిట్లు కావు. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు కాబట్టి షాపులో ఎంచుకోవడమూ కష్టం కాలేదు. తిరిగొచ్చిన బాబాయ్ గారు ముందు ధర అడిగారు, తర్వాత కూర్చున్నారు. బిల్లు తగ్గాక అది తన క్రమశిక్షణ ఫలితమని అసోసియేషన్ మీటింగులో చెప్పారు. కొత్త ఫ్యానుతో ఆయనకు ఒకటే పేచీ. అది రిమోట్‌తో ఆగుతుంది. రిమోట్‌తో ఆపితే ఆపినట్టు ఆయనకు అనిపించదు. గోడ స్విచ్చు కూడా తీసేస్తారు. తర్వాత ఎవరు వచ్చి రిమోట్ నొక్కినా ఫ్యాను తిరగదు, బ్యాటరీలు మార్చి మార్చి చూస్తారు.

అన్నట్టు, ఆయన డల్లాస్‌లో పెద్దబ్బాయి దగ్గరకు కూడా వెళ్ళొచ్చారు. అక్కడ ఖాళీ గదులకు కూడా ఏసీ తగులుతుంటే తట్టుకోలేక స్విచ్చు కోసం గోడలన్నీ తడిమారు. ఇల్లంతటికీ ఒక్కటే థర్మోస్టాట్. సరే, లైట్లయినా చూద్దామని రాత్రి అందరూ పడుకున్నాక బయల్దేరారు. మన దగ్గర స్విచ్చు కిందికి నొక్కితే వెలుగుతుంది, అమెరికాలో పైకి నొక్కితే వెలుగుతుంది. ప్రతి గదిలోనూ స్విచ్చులన్నీ కిందికే ఉండటం చూసి "వీళ్ళకి బొత్తిగా బాధ్యత లేదు" అనుకుంటూ ఒక్కొక్కటే పైకి అనుకుంటూ వెళ్ళారు. పది నిమిషాల్లో ఇల్లంతా పెళ్ళివారిల్లు అయిపోయింది.

ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో కొత్త కష్టం వచ్చింది. మెట్ల దగ్గరా కారిడార్లోనూ లైట్లు రాత్రంతా వెలుగుతున్నాయని అసోసియేషన్లో గొడవ పెట్టింది ఆయనే. కమిటీ కుర్రాళ్ళు సెన్సర్ లైట్లు పెట్టించారు. మనిషి కదిలితే వెలుగుతాయి, కదలిక లేకపోతే అవే ఆరతాయి. స్విచ్చు లేదు. బాబాయ్ గారికి ఇది నమ్మకం కుదరడం లేదు. నిజంగా ఆరిందో లేదో చూద్దామని రాత్రి పదకొండింటికి తలుపు తీసి బయటికి వస్తారు. వెలుగుతూ ఉంటుంది. "చూశావా, చెప్పానా!" అంటారు. అర్ధరాత్రి మళ్ళీ వస్తారు, మళ్ళీ వెలుగుతూనే ఉంటుంది. ఆరేదాకా కదలనని చేతులు కట్టుకుని దాని కింద నిలబడతారు. ఆరుతుంది. హమ్మయ్య అని వెనక్కి తిరుగుతారు. వెలుగుతుంది. లోపల్నుంచి పిన్ని గారి గొంతు వినపడుతుంది: "ఏవండీ, మీరు లోపలికొచ్చి పడుకోండి, అదే ఆరిపోద్ది."

"నువ్వుండవే, దీని సంగతేదో తేలాలి" అంటూ బాబాయ్ గారు ఈసారి స్టూలు తెచ్చుకుంటున్నారు.