పికప్ ఆటవెలదులు: టీకా, తాత్పర్యం

అవతారిక

డీజిలు పికప్ మొదటిసారి కొన్న యజమానికి కావలసిన శాస్త్రమంతా రెండు ఆటవెలదుల్లో ఇమిడి ఉంది. మొదటిది పోషణను, రెండవది అలంకరణను చెబుతుంది. మదనపల్లె టమాటా, గుంటూరు మిర్చి, భీమవరం చేప మోసే బొలెరో పికప్, టాటా యోధా, అశోక్ లేలాండ్ దోస్త్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ మొదలైన బండ్లు దీనికి విషయం. యజమాని అధికారి. డ్రైవరు కూడా అధికారే, కానీ బిల్లు కట్టడు కనుక గౌణాధికారి.

వ్యాఖ్యాతల్లో రెండు తెగలున్నాయి. భారత్ స్టేజ్-6 నిబంధన అమల్లోకి వచ్చిన 2020 ఏప్రిల్ 1కి ముందటి బండ్లు విప్పి విద్య నేర్చిన మేస్త్రీలు ప్రాచీనులు. పానా పట్టకముందే ల్యాప్‌టాప్ తగిలించేవారు నవీనులు. ఇద్దరికీ పడదు. ఈ టీకా బండి పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఎవరి మాట చెల్లుతుందో నిర్ణయిస్తుంది.

మొదటి పద్యం

నూనె చూచి నీరు నోరార పోసియు
వడపు మార్చి చక్రవాయు వరసి
మోత మించకుండ మోపిన పికపది
పదులకొద్ది యేండ్లు బంటు నీకు

ప్రతిపదార్థం: నూనె = ఇంజిన్ ఆయిలును; చూచి = గేజి తీసి కొలిచి; నీరు = కూలెంటును; నోరార = కావలసినంత; పోసియు = నింపి; వడపు = ఫిల్టర్లను; మార్చి = కొత్తవి వేసి; చక్రవాయువు = టైర్లలోని గాలిని; అరసి = విచారించి; మోత = బరువు; మించకుండ = ఆర్‌సీలో రాసిన పరిమితి దాటకుండా; మోపిన = ఎత్తించిన; పికపు + అది = ఆ పికప్; పదులకొద్ది యేండ్లు = చాలా సంవత్సరాలు; నీకు = యజమానివైన నీకు; బంటు = చెప్పినట్లు వినే సేవకుడు. "అగును" అని అధ్యాహారం చేసుకోవాలి.

తాత్పర్యం: చవకైన పనులు వేళకు చేస్తే ఖరీదైన పనులు పడవు.

విశేషం: పద్యం నూనెతో మొదలవడానికి ఛందస్సు కారణం కాదు. గేజిని పొద్దున, చదునైన చోట, ఇంజిన్ చల్లగా ఉండగా తీయాలి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే మేలు ఎక్కువ అవుతుందనుకోవడం భ్రమ, ఎక్కువైన ఆయిలు నురగ కట్టి సీళ్ల మీదికి వస్తుంది. కొత్త యజమాని మొదట భయపడేది నల్లరంగు చూసి. డీజిలు ఇంజిన్‌లో మసి పట్టి ఉంచడం ఆయిలు పనుల్లో ఒకటి కనుక, మార్చిన కొద్ది రోజులకే అది నల్లబడుతుంది. దీనికి శాంతి అక్కర్లేదు. పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగితే మాత్రం కూలెంటు లోపలికి చేరిందని అర్థం, బండి అక్కడే ఆపాలి.

మరొక సూక్ష్మం ఉంది. గేజి మట్టం తగ్గితే అందరూ చూస్తారు, పెరిగితే ఎవరూ పట్టించుకోరు, పైగా సంతోషిస్తారు. కొత్త బండ్లలో పొగ గొట్టం దారిలో ఉండే మసి జల్లెడను, అంటే డీపీఎఫ్‌ను, కాల్చి శుభ్రం చేయడానికి చాలా ఇంజిన్లు కొంత డీజిలు అదనంగా చిమ్ముతాయి. ఆ కాల్పు పదేపదే సగంలో ఆగిపోతే డీజిలు సిలిండరు గోడల మీదుగా జారి ఆయిలు ఛాంబరులో చేరుతుంది. మట్టం పెరుగుతుంది, ఆయిలు పలచబడుతుంది, బేరింగులు అరుగుతాయి. పోయనిది పెరిగితే అనుమానించాలి.

ఆయిలు గ్రేడు విషయంలో ప్రాచీనుల మాట చెల్లదు. "డీజిలు బండికి ఏ డీజిలు ఆయిలైనా ఒకటే" అన్నది జల్లెడలు లేని కాలపు సూత్రం. ఆయిలులోని కొన్ని రసాయనాలు కాలితే బూడిద మిగులుతుంది. మసి మళ్లీ కాలుతుంది, బూడిద కాలదు, జల్లెడలోనే పేరుకుంటుంది. అందుకే డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వేయాలి. ఏ గ్రేడో బండితో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు విప్పకుండా డ్యాష్‌బోర్డు పెట్టెలో పూజించడం దేశాచారమే గానీ శాస్త్రసమ్మతం కాదు. మార్చవలసిన కిలోమీటర్లు కూడా అందులోనే ఉంటాయి. బరువు మోస్తూ దుమ్ములో తిరిగే బండికి రాసిన గడువు కంటే ముందే మార్చడం మేలు.

"నీరు" అన్న మాటలో మూడర్థాల శ్లేష ఉంది.

మొదటి అర్థం కూలెంటు. "నోరార" అన్నంత మాత్రాన అంచుదాకా పోయకూడదు. డబ్బా మీద కింది గీతకూ పై గీతకూ మధ్య ఉంటే నోరు నిండినట్లే. ఇంజిన్ వేడిగా ఉండగా కూలెంటు మూత తిప్పినవాడికి మిగతా టీకా చదివే అవకాశం ఉండదు, ఆస్పత్రికి వెళ్తాడు. ఇక్కడ ప్రాచీనుల పూర్వపక్షం: "మా రోజుల్లో రేడియేటరుకు బోరునీళ్లే పోశాం, ఏమైంది?" సమాధానం: పొర కట్టింది, తుప్పు పట్టింది, వాటర్ పంపు పోయింది. రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో చాలా బోర్లది చౌడునీరు. కూలెంటులోని గ్లైకాల్ మరుగుడు స్థాయిని పెంచుతుంది, దానిలోని ఇతర రసాయనాలు తుప్పును ఆపుతాయి. దారిలో గత్యంతరం లేక నీళ్లు పోసినా, ఇల్లు చేరాక తీయించి కూలెంటు నింపించాలి.

రెండవ అర్థం డీజిల్లో చేరిన నీరు. దీన్ని పోయడం కాదు, తీయడం విధి. డీజిలు ఫిల్టరు అడుగున చిన్న మరబిరడా ఉంటుంది, దాన్ని వదులు చేస్తే అడుగుకు దిగిన నీరు పోతుంది. ఇంటి దగ్గర డ్రమ్ముల్లో నిలవ ఉన్న డీజిలు పోసే అలవాటున్నవారికి, వానాకాలంలో ఈ పని మరీ ముఖ్యం. డ్యాష్‌బోర్డులో నీటి గుర్తు దీపం వెలిగితే ఆ రోజే తీయించాలి.

మూడవ అర్థం చూపుకు నీరులాగే ఉండే డీఈఎఫ్, అంటే పొగను శుభ్రం చేయడానికి వాడే ద్రవం. నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగిలింది శుద్ధజలం. కొన్ని మోడళ్లకే ఉంటుంది. దాని ట్యాంకు మూత నీలం. అది నిండుకుంటే చాలా బండ్లు ఒకసారి ఆగాక మళ్లీ స్టార్టు కావు. దాన్ని పొరపాటున డీజిలు ట్యాంకులో పోస్తే సెల్ఫ్ కొట్టకూడదు, తాళం కూడా తిప్పకూడదు, ట్యాంకు దింపించాలి. పెట్రోలు పోయించుకున్నవారికీ ఇదే ప్రాయశ్చిత్తం.

"వడపు": వడపోత అనవలసిన చోట కవి గణం కోసం తోక కోశాడు. దోషం కవిదే అయినా, ఫిల్టరు లేని ఇంజిన్‌కు కూడా ఆయుస్సు అలాగే తెగుతుందని ధ్వని. ఇక్కడ డీజిలు ఇంజిన్ స్వభావం కొంత చెప్పుకోవాలి. రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో నడిపి చూపిన ఇంజిన్‌కు నిప్పురవ్వ రాల్చే ప్లగ్గు లేదు. గాలిని పదహారో వంతుకు అటూఇటూగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులోకి చిమ్మిన డీజిలు దానంతట అదే అంటుకుంటుంది. కాబట్టి దీనికి ప్రాణాధారాలు రెండే: శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిలు.

గాలి ఫిల్టరు దుమ్ముదారుల్లో, ఇటుకబట్టీల దగ్గర, క్వారీల దగ్గర రాసిన గడువు వరకు ఆగదు. దులిపి మళ్లీ వేసుకోవడం కొంతవరకు సమ్మతమే. కంప్రెసరు గాలి లోపలి నుంచి బయటికి, మెల్లగా కొట్టాలి. బయటి నుంచి జోరుగా కొడితే కాగితం చిరుగుతుంది, చిరిగిన ఫిల్టరు దాటిన ఇసుకరేణువు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగల టర్బో రెక్కలకు తగులుతుంది.

డీజిలు ఫిల్టరు సంగతి ఇంకా కఠినం. టైరులో గాలి ఒత్తిడి మూడు, నాలుగు బార్లైతే కామన్ రైల్ ఇంజెక్టరు దగ్గర డీజిలు ఒత్తిడి 1,600 బార్లు, కొన్నిట్లో 2,000. అంత ఒత్తిడిలో నలక కూడా ఉలి పని చేస్తుంది. ఫిల్టరు ధర వందల్లో, ఇంజెక్టర్లూ పంపూ కలిపితే ఖర్చు వేలు దాటి పోతుంది. "డూప్లికేటు ఫిల్టరైనా రంధ్రాలు అవేగా" అనే వాదం ఈ లెక్క ముందు నిలవదు. ట్యాంకు ఎండేదాకా నడపడమూ ఈ ప్రకరణంలోని దోషమే. డీజిలు అయిపోతే పైపుల్లో ఎయిర్ పడుతుంది, మళ్లీ పోసినా బండి వెంటనే అందుకోదు.

టర్బోకు పద్యంలో చోటు దక్కలేదు. ఇది కవి చేసిన లోపం. శ్రీశైలం ఘాటులాంటి చోట బరువుతో ఎక్కి వచ్చిన బండిని ఆపగానే తాళం తిప్పకూడదు. ఒకటి, రెండు నిమిషాలు ఊరికే తిరగనిస్తే ఆయిలు పారుతూ టర్బో బేరింగును చల్లబరుస్తుంది. కొత్త బండికి మొదటి వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లు పూర్తి బరువూ పూర్తి రేసూ తగవన్నదీ ఇక్కడే కలుపుకోవాలి.

"చక్రవాయు వరసి": గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పికప్‌లో వెనక టైర్లకు బరువుతో ఉన్నప్పుడు ముందు వాటికంటే ఎక్కువ గాలి కావాలి, ఎంతో తలుపు దగ్గరి స్టిక్కరు చెబుతుంది. నాలుగు చూసి స్టెప్నీని మరచిపోవడం సర్వసాధారణం. "అరసి" అన్న క్రియకు చుట్టూ చూడటం కూడా అర్థం కాబట్టి కమాన్ పట్టీల యూ-బోల్టులు, జాయింట్ షాఫ్ట్ క్రాసులకు గ్రీజు కూడా ఇందులోకే వస్తాయి.

"మోత మించకుండ": ఇదే పద్యానికి ప్రాణం. బండి మోయగలది 1,500 కిలోలైతే, పెట్టె 25 కిలోల చొప్పున టమాటా 60 పెట్టెలతో లెక్క సరిపోయింది. అరవై ఒకటో పెట్టె, పైన కూర్చున్న ఇద్దరు కూలీలు, తడిసిన టార్పాలిన్ ఎవరి లెక్కలోనూ ఉండవు, కమాన్ లెక్కలో తప్ప. బరువు మించితే బ్రేకు పట్టే దూరం పెరుగుతుంది, క్లచ్ ప్లేటు కాలుతుంది. వెనక్కి ఎక్కువగా పేరిస్తే ముందు చక్రాలు తేలి స్టీరింగు చేతికి బరువు తెలియదు, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి లేస్తాయి. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద జరిమానా రూ.20,000, ఆపైన అదనపు టన్నుకు రూ.2,000. ఒక ట్రిప్పు కిరాయి ఇందులో ఎన్నోవంతో యజమానే గణించుకోవచ్చు. కాటా వేయించడం జరిమానా కంటే చవక.

అలంకారం: "పదులకొద్ది యేండ్లు" అన్నది అతిశయోక్తి. షోరూములో చెప్పిన మైలేజీకీ ఇదే అలంకారం.

రెండవ పద్యం

పట్టి చేర్చి టైరు పరిమాణమును పెంచి
కొమ్ము పెట్టి బండి కొత్తదనుచు
పొగల జల్లెడూడ్చి పోవువానిని చూచి
నగుచు పిలుచు బ్రేకు నాథుడపుడు

ప్రతిపదార్థం: పట్టి = అదనపు కమాన్ పట్టీని; చేర్చి = కట్టలో కలిపి; టైరు పరిమాణమును పెంచి = పెద్ద టైర్లు వేసి; కొమ్ము = ముందు ఇనుప గార్డును; పెట్టి = బిగించి; బండి కొత్తది అనుచు = బండికి కొత్తరూపు వచ్చిందని మురుస్తూ; పొగల జల్లెడ = డీపీఎఫ్‌ను; ఊడ్చి = పీకించి; పోవువానిని = వెళ్తున్న యజమానిని; చూచి = కనిపెట్టి; అపుడు = ఆ సమయాన; బ్రేకునాథుడు = బ్రేకు ఇన్‌స్పెక్టరు; నగుచు = చిరునవ్వుతో; పిలుచు = పక్కకు రమ్మనును.

తాత్పర్యం: బండి తయారుచేసినవారు లెక్కవేసి పెట్టినదాన్ని లెక్కలేకుండా మార్చరాదు.

విశేషం: పట్టీ చేరిస్తే బండి కుంగదు, నిజమే. కానీ కొన్ని పికప్‌లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీ ఉంటుంది. బండి ఎంత కుంగిందో దాన్ని బట్టి బరువు తెలుసుకుని, వెనక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపాలో వాల్వు నిర్ణయిస్తుంది. పట్టీ చేర్చాక పూర్తి బరువుతోనూ బండి కుంగదు, ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకు తగ్గిస్తుంది. పట్టీ బిగించినవాడికీ బిగింపించినవాడికీ ఈ సంగతి తెలియకపోవడం పరిపాటి.

పెద్ద టైరు ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. కాబట్టి స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ ముక్కుతుంది. ఇనుప గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి పాదచారికి ప్రమాదం, గుద్దుకున్నప్పుడు దెబ్బను నేరుగా ఛాసిస్‌కు అందిస్తాయి.

"పొగల జల్లెడూడ్చి" దగ్గర ప్రాచీనులు తమ ఆఖరి పూర్వపక్షం చేస్తారు: జల్లెడ పూడుకుంటోంది, పీకేస్తే మైలేజి పెరుగుతుంది అని. జల్లెడ పూడుకునేది ఊళ్లో కూరగాయలకీ నీళ్ల క్యాన్లకీ కొద్ది దూరాలు తిరిగే బండికే ఎక్కువ. లోపలి మసి కాలడానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి, అది ఊరి వేగంలో పుట్టదు. గుర్తు దీపం వెలిగినప్పుడు పుస్తకంలో చెప్పినట్లు హైవే మీద ఆపకుండా పావుగంట, ఇరవై నిమిషాలు నడిపితే చాలావరకు అదే కాలిపోతుంది. దీపాన్ని వారాలు ఓర్చుకున్నవారికే వర్క్‌షాపు గతి. పీకిస్తే వారంటీ పోతుంది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షను ప్రకారం ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ యజమానికి పడవచ్చు. తయారీదారు ఇచ్చిన మూల లక్షణాలను మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది.

పద్యం నిషేధించని అలంకరణలూ ఉన్నాయి. ట్రాలీకి రబ్బరు మ్యాటు, మంచి టార్పాలిన్, వెనక కెమెరా, మంటలార్పే సిలిండరు, నడుం నిలిపే సీటు. చేపలు, రొయ్యలు మోసే గోదావరి జిల్లాల బండికి అన్నిటికంటే ముందు కావలసింది అడుగున తుప్పు పట్టనివ్వని పూత. కరిగిన ఐసుతో కారే ఉప్పునీరు ఛాసిస్‌ను లోపలి నుంచి తింటుంది. అక్కడ స్టీరియో కంటే ముందు ఆ పూత కొట్టించాలి, వారానికోసారి అడుగు మంచినీళ్లతో కడిగించాలి.

బ్రేకునాథుని దర్శనం తప్పించుకోలేనిది. సరుకు బండికి కొత్తలో రెండేళ్లు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఉంటుంది, ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా చేయించాలి.

పాఠాంతరం: చివరి పాదంలో "నగుచు" బదులు "అలిగి" అని కొందరు చదువుతారు. ఆ పాఠానికి యతి చెల్లదు. పైగా ఇటువంటి బండి ఎదురైతే ఏ బ్రేకు ఇన్‌స్పెక్టరూ అలగడు.